పదిహేడో ప్రశ్నలో బోడిగుండు

నేను తెలుగు అధ్యాపకుణ్ణి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒకే ఒక్క సామెతను సమయం కాని సమయంలో చెప్పాను. దాని ఫలితంగా మూడు జిల్లాల్లో లెక్కల పుస్తకాల్లోని పరావలయాలు నిషేధానికి గురయ్యాయి. కనుక ఏం జరిగిందో చెప్పవలసిన బాధ్యత నా మీదే ఉంది.

మాది సాలివలస ప్రభుత్వ జూనియర్ కాలేజీ. చుట్టూ జీడితోటలు, వాటి మధ్య రేకుల షెడ్లలో జీడిపిక్కలు కొట్టే బట్టీలు, ఆ పొగకు ఇవతల మా కాలేజీ. పిల్లల్లో సగంమంది సెలవు రోజుల్లో ఆ బట్టీల్లోనే ఉంటారు. లెక్కల గ్రూపులో ఏటా నలభై మంది చేరేవారు, ఇరవై మంది మిగిలేవారు, పది మంది పాసయ్యేవారు. గ్రాఫంటే వాళ్ళకు హడలు. గ్రాఫు కాగితం చూస్తే మా పిల్లలకు గళ్ళ లుంగీ గుర్తొచ్చేదే తప్ప గణితం గుర్తొచ్చేది కాదు.

నాలుగేళ్ళ కిందట పైల దమయంతి అనే లెక్కల మేడమ్ బదిలీ మీద మా కాలేజీకి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. గట్టిగా మాట్లాడుతుంది, ఇంకా గట్టిగా నవ్వుతుంది. ఆమె నవ్వితే పక్క గదిలో చరిత్ర చెబుతున్న ఆయన తాను ఏ యుద్ధంలో ఉన్నాడో మరిచిపోయేవాడు.

వచ్చిన నెలకే ఆమె ఒక ఆట మొదలుపెట్టింది. నాలుగైదు సమీకరణాలు బోర్డు మీద రాస్తుంది. పిల్లలు వాటిని ఒకే గ్రాఫు కాగితం మీద గియ్యాలి. అన్నీ సరిగ్గా గీస్తే ఏదో ఒక బొమ్మ తేలుతుంది. ఆ బొమ్మలో ఒక సామెతో, ఒక ఎగతాళో దాగి ఉంటుంది. దాన్ని ముందుగా విప్పినవాళ్ళదే గెలుపు. ఒక నిలువు గీత, దాని కొసన రెండు చిన్న వంపులు వచ్చాయంటే అది గోడ మీద పిల్లి. మొదట్లో ఆకాశానికి ఎగిరి, నాలుగు గళ్ళు దాటగానే నేలకు జారిపోయే వక్రరేఖ ఆరంభశూరత్వం. ఎంత దూరం గీసినా కింది గీతకు దగ్గరవుతూనే ఉండి ఎన్నటికీ దాన్ని తాకని వక్రరేఖ ఒకటుంది. దాన్ని చూసి ఒక పిల్ల లేచి, "ఇది మన ఏడున్నర బస్సు మేడమ్. వస్తన్నా వస్తన్నా అంటాది గాని సెంటర్లోకి రాదు" అంది. ఆ పిల్ల పేరు ఢిల్లేశ్వరి. ఆ వక్రరేఖకు పాఠ్యపుస్తకంలో వేరే పేరుంది గాని, మా పిల్లలు మాత్రం పరీక్షలో కూడా మొదట ఏడున్నర బస్సు అని రాసి కొట్టేసేవారు.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఒక్క చుక్క తప్పినా పిల్లి గోడ మీంచి కింద పడిపోతుంది. నవ్వాలంటే లెక్క సరిగ్గా రావాలి. నవ్వు కోసం మా పిల్లలు లెక్క చెయ్యడం నేర్చారు. నలభై మూడు మంది చేరితే నలభై మూడు మందీ మిగలడం మా కాలేజీలో అప్పుడే మొదలైంది.

సామెతలు సరఫరా చేసేవాణ్ణి నేనే. ఖాళీ పీరియడ్‌లో ఆమె స్టాఫ్ రూములోకి వచ్చి, "మాస్టారూ, ఓ గుండ్రమూ, ఓ వంచిన గీతా ఉన్నాయి నా దగ్గర. వాటికి సరిపడ్డ సామెతేటైనా ఉందా?" అని అడిగేది. తెలుగు అధ్యాపకుణ్ణి వెతుక్కుంటూ ఒకరు రావడం నా అనుభవంలో అరుదు. నేను ఉత్సాహపడి, "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని ఉంది కదమ్మా!" అన్నాను.

"అబ్బ! ఇదే కావాల," అని అరచేతిలో రాసుకుని వెళ్ళిపోయింది.

ఈ ఏడాది అర్ధ సంవత్సర పరీక్షకు మూడు జిల్లాల లెక్కల ప్రశ్నపత్రం తయారుచేసే పని ఆమెకు పడింది. పదిహేడో ప్రశ్నలో మూడు సమీకరణాలిచ్చింది. మొదటిది గీస్తే వృత్తం వస్తుంది. రెండోది గీస్తే, గట్టు మీద కూర్చున్న మనిషి మోకాలులా పైకి మడత పడ్డ గీత వస్తుంది. మూడోది ఆ వృత్తాన్నీ ఆ మడతనూ కలిపే సరళరేఖ. ఎనిమిది మార్కులు. ఎక్కడా తప్పులేదు, సిలబస్ దాటలేదు.

పరీక్షనాడు మూడో నంబరు గదిలో నేను కాపలా. గంటన్నరపాటు పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తరువాత ఢిల్లేశ్వరి స్కేలు పెట్టి ఒక గీత గీసి, కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకు చూసి, అట్టతో మొహం కప్పేసుకుంది. భుజాలు అదురుతున్నాయి. వెనక బెంచీలో ఇంకో పిల్ల. తరువాత కిటికీ వరుస మొత్తం. నేను "ష్" అన్నాను. సరిగ్గా అప్పుడు అటెండరు తవిటయ్య గుమ్మంలోకి వచ్చి, "బాబూ, జీపొచ్చీసినాది! పెద్దసారు!" అని గుసగుసలాడి మాయమైపోయాడు.

వచ్చినవారు మూడు జిల్లాలకూ ప్రాంతీయ సంచాలకులు, శ్రీ నిష్ఠల నరహరి గారు. వారి శిరస్సును నేను వర్ణించను. దాని గురించి విచారణలో నా వాంగ్మూలం ఇప్పటికే నమోదై ఉంది. వారం కిందట ఆయన మెట్ల మీద జారారు. మోకాలికి తెల్లటి కట్టు ఉంది, చేతిలో కర్ర ఉంది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. పిల్లలు తమ కాగితం చూశారు, ఆయన్ని చూశారు, మళ్ళీ కాగితం చూశారు. గదంతా ఒక్కసారిగా ఫక్కుమంది.

"ఇచ్చట హాస్యకారణము ఏమి?" అన్నారు నరహరి గారు. ఆయన మామూలుగా మాట్లాడేదే అలా. మంచినీళ్ళు కావాలన్నా, "త్రాగునీరు లభ్యమగునా?" అంటారు.

ఆయన ఢిల్లేశ్వరి ముందున్న కాగితం లాక్కున్నారు. తిప్పి చూశారు, తలకిందులుగా చూశారు. "ఇది ఏమి?"

"పదిహేడో ప్రశ్న, సార్," అంది ఆ పిల్ల లేచి నిలబడి.

ఆయన నా వైపు తిరిగారు. "మీరు ఏ పాఠ్యాంశము బోధింతురు?"

"తెలుగండి."

"ఇందలి అంతరార్థము ఏమి?"

ఇరవై రెండేళ్ళలో ఒక ఉన్నతాధికారి నన్ను అర్థం అడగడం అదే మొదటిసారి. ఆ సంబరంలో నోరు జారింది. "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని సామెతండి," అన్నాను. అని ఊరుకోకుండా ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాను. అలా చూసినట్టు తరువాత మెమోలో రాశారు. నిజమే, చూశాను. సామెతలో ఉన్న వరుస అదే కదా.

మూడో రోజున దమయంతి మేడమ్‌కు తాఖీదు వచ్చింది. "మీరు రూపొందించిన ప్రశ్నపత్రమునందలి పదిహేడవ ప్రశ్న ద్వారా ఉన్నతాధికారి వారి శిరోభాగమును, జానుభాగమును ఒక సరళరేఖతో అనుసంధానించి, శాఖా గౌరవమునకు భంగము కలిగించినట్లు ప్రాథమికముగా నిర్ధారణ అయినది. సంజాయిషీ సమర్పించవలెను."

ఆమె తాఖీదు చదివి మొదట నవ్వింది. తరువాత కూర్చుంది. "మాస్టారూ, ఆ బాబుని నేనెప్పుడూ చూడనేదు కదండీ. ఆయనికి జుట్టుందో లేదో నాకెలా తెలుస్తాది?" అంది.

అదే మాట గౌరవంగా రాసి పంపించింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: "ఉన్నతాధికారి వారిని ఎన్నడును చూడకయే ఇంత ఖచ్చితముగా చిత్రించుట నేర తీవ్రతను ఇనుమడింపజేయుచున్నది."

దానితోపాటు విచారణకు ఒక సంఘం వేశారు. పేరు రేఖాచిత్ర అంతర్లీన హాస్య పరిశీలనా సంఘం. అధ్యక్షులు నరహరి గారు. సభ్యులు విశ్రాంత డ్రాయింగు మాస్టారు ముద్దాడ లోకనాథం గారు. సామెత చెప్పగలిగినందుకు సభ్య కార్యదర్శిని నేను. లెక్కలు వచ్చినవాళ్ళను ఎవరినీ తీసుకోలేదు. ఎందుకని నేను మెల్లిగా అడిగాను.

"గణితము తెలిసినవారందరును అనుమానితుల వర్గమునకు చెందుదురు," అన్నారు నరహరి గారు.

మొదటి సమావేశం జిల్లా కేంద్రంలో ఆయన గదిలో జరిగింది. ఎక్కడెక్కడ హాస్యం దాగి ఉందో తేల్చడానికి పాఠ్యపుస్తకాన్ని మొదటి గ్రాఫు నుంచి పరిశీలించాలని నిర్ణయించాం. ప్రతి గ్రాఫుకూ మూడు కాపీల్లో ఒక ఫారం నింపాలి. "హాస్యము కలదు, హాస్యము లేదు, హాస్యము ఉండవచ్చును" అని మూడు గళ్ళు. ఒకదానిలో టిక్కు పెట్టాలి.

మొదటి గ్రాఫు పరావలయం. గిన్నెలా పైకి తెరుచుకుని ఉంది. లోకనాథం మాస్టారు నలభై ఏళ్ళు పిల్లల మొహాలు గీయించిన మనిషి. కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "నవ్వుతున్నాదండి," అన్నారు.

"ఎవరు?"

"పరావలయమండి. మూతి రెండు కొసలూ పైకున్నాయి కదా. మా విద్యలో దీన్ని నవ్వుమొహం అంటాం."

పేజీ తిప్పాం. రెండో పరావలయం బోర్లించిన గిన్నెలా ఉంది. "ఇది మూతి ముడిచింది," అన్నారు మాస్టారు. "దేన్నో చూసి ఏడుస్తోంది."

నరహరి గారు దీర్ఘంగా ఆలోచించారు. "శాఖను చూచి నవ్వుట ఎంత అభ్యంతరకరమో, శాఖను చూచి ఏడ్చుట అంతకన్నను అభ్యంతరకరము," అన్నారు. మర్నాడు ఉత్తర్వు వెలువడింది. ఇకపై పరావలయాలు పైకి గాని కిందికి గాని వంగరాదు. తటస్థముగా ఉండవలెను.

సంజాయిషీ విచారణ కోసం బయట బెంచీ మీద కూర్చున్న దమయంతి మేడమ్‌ను లోపలికి పిలిచి ఆ ఉత్తర్వు చదివి వినిపించారు. "అటూ ఇటూ వంగకపోతే అది పరావలయం కాదండి సార్. తిన్నని గీత," అంది ఆమె.

"అదియే ప్రభుత్వోద్దేశము," అన్నారు నరహరి గారు.

రెండో సమావేశంలో తిన్నని గీతల వంతు వచ్చింది. పైకి ఎక్కే గీత చూసి లోకనాథం మాస్టారు, "ఇది ధరలండి," అన్నారు. కిందికి దిగేది చూసి, "ఇది పరువు," అన్నారు. అడ్డంగా ఉన్న గీతను చూసి ఆయన తలెత్తి నా వైపు చూశారు. అది సామెతల పరిధి. "నిమ్మకు నీరెత్తినట్టు అంటారండి," అన్నాను నేను. ఎవరిని గురించి అంటారని అధ్యక్షుల వారు అడిగారు. కార్యాలయాల్లో కూర్చునేవారిని గురించి అంటారని చెప్పవలసి వచ్చింది. అడ్డగీతలు రద్దయ్యాయి. నిలువు గీత ఎవరికీ లొంగదు గనుక క్రమశిక్షణారాహిత్యం కింద పోయింది.

మూడో సమావేశానికి గ్రాఫు కాగితం మీద ఒక చుక్క మాత్రమే మిగిలింది. రెండు అక్షాలూ కలిసేచోట, నడిమధ్యన. దాన్ని పట్టుకుని ముగ్గురం పూటంతా కూర్చున్నాం. చివరకు లోకనాథం మాస్టారు నిట్టూర్చి, "దిష్టిచుక్కలా ఉందండీ," అన్నారు. "అంత అందమైన శాఖకి ఎవరి దిష్టి తగులుతుందని పెట్టారో!"

ఆ చుక్క కూడా పోయింది. మా పిల్లలకు ఖాళీ గ్రాఫు కాగితాలిచ్చి, ఖాళీగానే తిరిగి తీసుకోవాలని కాలేజీలకు ఆదేశాలు వెళ్ళాయి. మార్కులు శుభ్రతకు వేస్తారు.

ఇంతలో నరహరి గారికి గుండె దడగా ఉందని ఆయన శ్రీమతి బలవంతం చేసి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళారు. గుండె గ్రాఫు తీసి, "బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు డాక్టరు. ఆ గ్రాఫు పొడుగునా ఎగిరి గంతులేస్తున్న గీతను ఆయన చూశారు. "ఇది నవ్వుచున్నది. ఎవరిని చూచి?" అని అడిగారట. సంఘం నిర్ధారించేవరకు ఆ గుండె తనదని ఒప్పుకోనన్నారు. ఆ ఫారం మూడు కాపీల్లో నింపింది నేనే. "హాస్యము ఉండవచ్చును" అన్న గడిలో టిక్కు పెట్టాం.

సరిగ్గా అప్పుడు రాజధాని నుంచి కబురు వచ్చింది. జనవరిలో వార్షిక సమీక్ష. ప్రతి కాలేజీ ప్రగతినీ గ్రాఫు రూపంలో పంపాలి.

నరహరి గారు పాలిపోయారు. మా ఉత్తర్వుల ప్రకారం ఏ గ్రాఫు బయటకు వెళ్ళాలన్నా, అందులో హాస్యం లేదని ఒకరు సంతకం పెట్టాలి. రేపు పై వారెవరైనా అందులో హాస్యం కనిపెడితే సంతకం పెట్టినవారిదే పూచీ. లోకనాథం మాస్టారు తనకు పింఛను ఉందన్నారు. నాకు ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉందన్నాను. అధ్యక్షులు సంతకం పెట్టడం పద్ధతి కాదని అధ్యక్షులే సెలవిచ్చారు.

చివరకు దాగి ఉన్న హాస్యం లేదని చెప్పాలంటే, దాచడం తెలిసినవారే కావాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. దాంతో విచారణ ఎదుర్కొంటున్న పైల దమయంతి మేడమ్‌ను హాస్య నిర్ధారణ నిపుణురాలిగా ప్రాంతీయ కార్యాలయానికి డిప్యుటేషన్ మీద వేశారు. వార్షిక గ్రాఫుల్లో హాస్యం లేదని పూర్తిగా తేలేవరకు ఆమెను వదలరు.

"మరి నా క్లాసుల సంగతో, సార్?" అంది ఆమె.

"బోధన నిరంతర ప్రక్రియ. కొంతకాలము ఆగినను నష్టము లేదు," అన్నారు నరహరి గారు.

నవంబరు మొదటి వారంలో ఆమె ఆ కార్యాలయంలో, బీరువాల వెనక ఒక టేబులు దగ్గర కూర్చుంది. ఈ సంగతి తెలిసి మిగతా శాఖలవాళ్ళు కూడా తమ గ్రాఫులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వానల గ్రాఫు, కరెంటు గ్రాఫు, కోడిగుడ్ల గ్రాఫు అన్నీ ఆమె టేబులు మీదికి చేరాయి. ఒకాయన తన కూతురి జాతకచక్రం తెచ్చాడు. ఆమె అన్నిటినీ చూసి, ముద్ర వేసి, ఇచ్చేసేది. మొదటి వారం ఆమె నవ్వు ఆ కార్యాలయంలో అప్పుడప్పుడూ వినిపించింది. ఆ తరువాత వినిపించలేదు.

నేను వారానికి రెండుసార్లు సంఘం పని మీద వెళ్ళేవాణ్ణి. వెళ్ళగానే ఆమె అడిగే మొదటి మాట, "పిల్లలెలా ఉన్నారు మాస్టారూ?"

నేను మొదట్లో బాగానే ఉన్నారని చెప్పాను. డిసెంబరులో నిజం చెప్పక తప్పలేదు. లెక్కలకు ఎవరినీ వెయ్యలేదు. ఆ పీరియడ్‌లో తవిటయ్య గదికి తాళం వేస్తున్నాడు. పిల్లలు మొదట చెట్టు కింద కూర్చున్నారు, తరువాత మధ్యాహ్నమే ఇళ్ళకు వెళ్ళారు, తరువాత రావడం మానేశారు. చదువు లేని కాలేజీకి పంపించడం ఎందుకని తల్లిదండ్రులు వాళ్ళను జీడి బట్టీల్లో పెట్టారు.

"ఢిల్లేశ్వరి?" అంది.

నేను కిటికీలోంచి బయటకు చూశాను. ఆమె తరువాతి గ్రాఫు మీద ముద్ర వేసింది.

జనవరిలో కాలేజీల ప్రగతి గ్రాఫులు తయారై వచ్చాయి. రంగురంగుల కాగితాలు, కాలేజీకి ఒకటి. నరహరి గారు తన గదిలో మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ దమయంతి మేడమ్ ముందు పెట్టించారు. ఆమె చూడటం, లేదని రాయడం, సంతకం పెట్టడం. పొద్దున్నుంచీ అదే పని. సాలివలస గ్రాఫు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

లెక్కల గ్రూపు హాజరు. జూన్ నుంచి అక్టోబరు దాకా నలభై మూడు దగ్గర గీత తిన్నగా ఉంది. నవంబరులో ముప్ఫై ఒకటి. డిసెంబరులో ఇరవై రెండు. జనవరిలో పదిహేడు.

నరహరి గారికి ఆందోళన కలిగింది. "ఏమైనను ఉన్నదా?"

లోకనాథం మాస్టారు తొంగి చూసి, "నాకైతే జారుడుబండలా కనిపిస్తోందండి. పిల్లలాడుకునేది," అన్నారు.

"అయ్యో! ఉన్నదన్నమాట!"

"లేదు సార్," అంది దమయంతి మేడమ్. గొంతు చాలా మామూలుగా ఉంది. "చాలాసేపు చూశాను. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు."

ఆ మాటే గ్రాఫు కింద తన చేత్తో రాసి, సంతకం చేసింది. నరహరి గారి మొహం వికసించింది. "ఇంతటి నిస్సందేహమైన ధ్రువీకరణ ఈ సంఘమునకు ఇంతవరకు లభింపలేదు," అని కాగితం తీసుకోబోయారు. ఆమె వదల్లేదు. పెన్సిలు మొనతో ఒక చుక్క మీద ఆనించింది.

"ఈ చుక్క దగ్గర అందరూ ఉన్నారు సార్. దీనికాడికొచ్చీసరికి వెంకటాపురం ఆడపిల్లలు ఆరుగురు లేరు. ఇక్కడ కవల పిల్లలిద్దరూ వెళిపోనారు. ఇదిగో, ఈ చుక్కలో ఢిల్లేశ్వరి లేదు."

"ఎవరామె?"

"పరీక్షలో మీరు కాగితం లాక్కున్న పిల్ల సార్. నూటికి తొంభై రెండు తెచ్చుకున్న పిల్ల. ఇప్పుడు పిక్కలు కొడతన్నాది."

నరహరి గారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గ్రాఫు చూశారు. మూడు నెలలుగా వందల గ్రాఫులు ఆయన ముందు పెట్టాను. ప్రతిసారీ చూస్తూ చూస్తూ చెయ్యి తల మీదికి పోయేది. ఆ రోజు పోలేదు.

"ఈ పతనమునకు కారణము ఏమి?" అని అడిగారు. అడిగింది నన్ను. కార్యదర్శిని నేనే కదా.

ఎనిమిదేళ్ళ సర్వీసు గుర్తొచ్చింది. ఆయన కర్ర, ఆయన జీపు, ఆయన చేతిలో ఉన్న నా ఇంక్రిమెంటు, అన్నీ గుర్తొచ్చాయి. "నవంబరు నుంచి లెక్కల మేడమ్ ఇక్కడున్నారండి," అన్నాను.

లోకనాథం మాస్టారు కుర్చీలో ఇంకాస్త కిందికి జారారు.

నరహరి గారు గుమాస్తాను పిలిచి, ఫైలు తెప్పించి, నిబంధన చదివించుకున్నారు. హాస్యం లేదని తేలింది గనుక నిపుణురాలిని తక్షణం విడుదల చెయ్యవలెనని అందులో ఉంది. సంతకం చేశారు. ముద్ర తానే వేసుకున్నారు.

"వెళ్ళమ్మా," అన్నారు. "బస్సు ఉందా?"

ఆయన నోట మామూలు తెలుగు వినడం నాకదే మొదలు. లోకనాథం మాస్టారు కూడా ఉలిక్కిపడ్డారు.

"ఇప్పుడు లేదండి. మూడున్నరకి," అంది ఆమె.

ఆయన కర్ర తీసుకుని లేచారు. గ్రాఫులో చూపించిన చుక్కలు వాస్తవంగా ఎక్కడ ఉన్నవో క్షేత్రస్థాయిలో పరిశీలించవలసి ఉన్నదని గుమాస్తాకు చెప్పి, దమయంతి మేడమ్‌నూ నన్నూ జీపెక్కించారు. దారి పొడుగునా ఆయన పాత ఉత్తర్వులకు ఒక వివరణ చెబుతూ ఉంటే నేను ఒడిలో కాగితం పెట్టుకుని రాశాను. పరావలయముల గురించి, గీతల గురించి, చుక్క గురించి వెలువడిన ఆదేశములన్నియు యథాతథముగా అమలులో ఉండును. అయితే అవి వర్తించు సందర్భములు ఏవియు లేవు.

సాలివలస చేరేసరికి రెండు దాటింది. కాలేజీ ముందు ఆగకుండా జీపును దమయంతి మేడమ్ బట్టీ వైపు తిప్పించింది. ప్రభుత్వం బోర్డున్న జీపు చూసి యజమాని చేతులు జోడించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళెవరూ ఇక్కడ పని చెయ్యడం లేదని, ఎవరూ అడగకుండానే చెప్పాడు. లోపల రేకుల కింద వేడి, పొగ. ఆడవాళ్ళు వరసగా పీటల మీద కూర్చుని చెక్కసుత్తితో పిక్కలు పగలగొడుతున్నారు. చర్మం కాల్చే జీడి సొన చేతులకు అంటకుండా బూడిద రాసుకున్నారు.

గోడవారన ఢిల్లేశ్వరి ఉంది. పక్కన ఆమె తల్లి. మేడమ్‌ను చూసి ఆ పిల్ల లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయి, చేతులు లంగా వెనక దాచుకుంది. వేళ్ళ చివర చర్మం నల్లగా ఊడి ఉంది.

"వచ్చీసినారా మేడమ్?" అంది.

"వచ్చీసేను. రేపటి నుంచి క్లాసు. నువ్వు రావాల."

తల్లి సుత్తి కింద పెట్టలేదు. "ఎందుకమ్మా? మళ్ళీ రేపు మిమ్మల్ని ఎవుళో ఎక్కడికో తీసుకుపోతారు. మా పిల్ల మళ్ళీ సెట్టు కింద కూకోవాల. నాకు నమ్మకం నేదు," అంది.

దమయంతి మేడమ్ ఆమె పక్కన నేల మీద చతికిలబడింది. ఆమె చేతిలోని పిక్క తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి కర్ర చప్పుడు వినిపించింది. నరహరి గారు ఆ పొగలో, ఆ పిక్కల గుల్లల మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ లోపలికి వచ్చారు. ఆడవాళ్ళు పని ఆపేశారు.

"తీసుకుపోయింది నేనేనమ్మా," అన్నారు తల్లితో. "ఇంక తీసుకుపోను."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. తరువాత కూతురి వైపు చూసి, ఆ పిల్ల ముందున్న చెక్కసుత్తిని తన వైపు లాక్కుంది.

ఢిల్లేశ్వరి లేచి నిలబడింది. నరహరి గారిని చూసి తల దించుకుంది. పెదాలు బిగించింది. కాని భుజాలు అదరడం మొదలైంది. ఆయన చూశారు. ఆ షెడ్డులో అందరం ఆయన చూడటం చూశాం.

"రేపు కాలేజీకి రా అమ్మాయీ," అన్నారు.

"వస్తాను సార్. మరి..." ఆ పిల్ల ఆగింది. "మరి గ్రాఫు గీస్తన్నప్పుడు మళ్ళీ నవ్వొచ్చీస్తే?"

ఆయన నోరు తెరిచారు. "విద్యార్థులు పరీక్షా సమయమున..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయారు. కట్టు విప్పిన మోకాలు చేత్తో ఒకసారి రుద్దుకున్నారు.

"నవ్వొస్తే నవ్వు," అన్నారు. "లెక్క మాత్రం తప్పకు."

సభ్య కార్యదర్శిని గనుక నేను ఆ మాట రాసుకున్నాను. ఉత్తర్వు నంబరు మాత్రం వెయ్యలేదు.